పాత గుండీ, కొత్త కాజా

నా పొట్ట గురించి రాయబోతున్నాను. ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. ఆ రోజుల్లో నరసరావుపేటలో మా వీధిలో నా పొట్ట గురించి మాట్లాడని మనిషి లేడు. కాబట్టి ఇప్పుడు రాస్తే కొత్తగా పోయే పరువు కూడా లేదు.

ఎనభైల మొదట్లో నాకు కవలలు పుట్టారు. ఇద్దరూ ఆడపిల్లలు, ఇద్దరూ బొద్దుగా ఉన్నారు. చివరి నెలల్లో నేను వంటింటి గుమ్మంలోంచి పక్కకి తిరిగి నడిచేదాన్ని. కాన్పు కాగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించేసుకున్నాను. ఆ తర్వాత మా అత్తగారు పెట్టిన నెయ్యికీ, బాలింతలకిచ్చే కాయం మందుకీ ఒళ్ళు తగ్గకపోగా ఇంకా పెరిగింది. పిల్లలకి రెండేళ్ళు నిండాక నాకు టైఫాయిడ్ వచ్చి నెలన్నర మంచాన పడేసింది. లేచి చూసుకుంటే ఒంట్లో కండ లేదు, కొవ్వు లేదు, చర్మం మాత్రం ఎక్కడికీ పోలేదు. బియ్యం తీసేసిన గోతాంలా పొట్ట మీది చర్మమంతా మడతలు పడి తొడల మీదికి జారింది.

చూడ్డానికి బాగాలేదన్నది నాకు పెద్ద బాధ కాదు, చీర కట్టుకుంటే ఎవరికీ తెలియదు. బాధల్లా పుండుతో. మడత కింద చెమట పట్టి, ఒరుసుకుపోయి, పచ్చిపుండు పడేది. మా వైపు ఎండల సంగతి చెప్పక్కర్లేదు కదా. పౌడరు చల్లేదాన్ని, కొబ్బరినూనె రాసేదాన్ని, పాత చీర పేలికలు మడతలో దోపుకునేదాన్ని. వారం మానేది, మళ్ళీ రేగేది.

పైగా నాది కూర్చుని చేసే పని. మా వీధి చివర దర్జీ మాస్టారి కొట్టుంది. ఆయన కుట్టిన చొక్కాలకి కాజాలు తీసి గుండీలు కుట్టడం, జాకెట్లకి హుక్కులు వేయడం నా పని. ఇంట్లో చాప మీద కూర్చుని చేసేదాన్ని. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి గానీ, పేటలో నా అంత దగ్గర కుట్టుతో కాజా తీసే మనిషి లేదు. మాస్టారే అనేవాడు. పుండు రేగిన రోజున మాత్రం కూర్చుంటే మంట. గోడకి ఆనుకుని నిలబడి కాజాలు తీసేదాన్ని.

"నడికట్టు సరిగ్గా కట్టుకోమని చెప్తే విన్నావా?" అనేది మా అత్తగారు రోజుకి రెండుసార్లు. కాన్పయ్యాక నడుముకి చీర బిగించి కట్టుకోవడం మా వైపు ఆచారం. ఆమె కట్టేది, నాకు చక్కిలిగింత పుట్టి నవ్వేదాన్ని, అది జారిపోయేది. నా నవ్వే నా పొట్టని పాడుచేసిందని ఆమె తీర్మానం. నవ్వు విషయంలో నేను నిజంగానే కొంచెం తేడా మనిషిని. మొదలైతే ఆగేదాన్ని కాదు. కోపం కూడా అంతే.

పిల్లలకి నాలుగేళ్ళు వచ్చిన వేసవిలో పుండు చీము పట్టి జ్వరం వచ్చింది. ఇక లాభం లేదని అత్తగారిని వెంటబెట్టుకుని మా ఊళ్ళోనే ఉన్న సర్జన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివాడే, కాకపోతే తొందర మనిషి. చూడ్డం ఒక్క నిమిషంలో అయిపోయింది.

"వేలాడే భాగం వరకూ కోసి కుట్టేస్తాం. గంట పని. వారంలో ఇంటికెళ్ళిపోవచ్చు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకో అడిగాను, "మరి బొడ్డు?"

"అది వేలాడే దాంట్లోనే ఉందిగా, దాంతోపాటే పోతుంది. బొడ్డుతో నీకిప్పుడు పనేముందమ్మా?"

లేచి బయటికి వచ్చేశాను. చీర సర్దుకుంటూ వచ్చానో సర్దుకోకుండా వచ్చానో కూడా గుర్తులేదు. అత్తగారు వెనకే పరిగెత్తుకొచ్చి, "ఏందే, ఆయనేమన్నాడని?" అని అడిగితే, "బొడ్డు లేకపోతే నేను కోడిగుడ్డులా ఉంటాను అత్తమ్మా" అన్నాను. ఆ మాటకి నాకే నవ్వొచ్చింది. రిక్షాలో ఇంటిదాకా నవ్వాను, ఏడవకుండా ఉండటానికి.

అసలు సంగతి వేరు. మా అమ్మ నన్ను కన్న తొమ్మిదో రోజున పోయింది. ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆమె చీరలు మా మేనత్తలు కట్టి చింపేశారు. చిన్నప్పుడు మా నాయనమ్మ నాకు నలుగు పెట్టి నీళ్ళు పోస్తూ, బొడ్డు మీద వేలు ఆనించి, "ఇదుగో, మీ అమ్మ నిన్ను పట్టుకున్న చోటు" అనేది. రోజూ అనేది. నేను కూడా వేలు పెట్టి చూసుకునేదాన్ని. మా అమ్మ ఎలా ఉంటుందో నాకు తెలియదు, నన్ను ఎక్కడ పట్టుకుందో మాత్రం తెలుసు. ముప్పై ఏళ్ళ మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని, ఈ మాట ఎవరితో చెప్పను? అందుకని అందరికీ కోడిగుడ్డు కథే చెప్పాను.

మా ఆయన జిన్నింగు మిల్లులో గుమస్తా. మాట తక్కువ మనిషి. రెండు రోజులు ఆగి, భోజనం చేస్తూ చేస్తూ అన్నాడు, "గుంటూరులో ఒకాయన ఉన్నాడంట. కాలిన వొళ్ళు అయ్యీ బాగు చేస్తాడంట. చూపిద్దామా?"

ఆ గుంటూరు డాక్టరు గారు ఓపిక గల మనిషి. నన్ను నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి, తల పైకెత్తమని చూశాడు. పొట్ట మధ్యలో కండలు కూడా విడిపోయాయని చెప్పాడు. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి మూడు దారులున్నాయన్నాడు. మొదటిది మా ఊరి డాక్టరు చెప్పిందే. త్వరగా అయిపోతుంది, మంట తగ్గుతుంది, బొడ్డు పోతుంది, పైన వదులు అలాగే ఉంటుంది. రెండోది, బొడ్డు జోలికి పోకుండా దాని కింద ఉన్న చర్మం కొద్దిగా తీయడం. చిన్న ఆపరేషనే కానీ, నాకున్న మడతలకి అది చాలదు, ఏడాదిలో పుండు మళ్ళీ మొదటికి రావచ్చు. మూడోది పెద్దది. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోసి, విడిపోయిన కండలు దగ్గరికి కుట్టి, పై చర్మం మొత్తం కిందికి లాగి, మిగిలింది తీసేయడం. రెండు మూడు వారాలు వంగి నడవాలి. నొప్పి ఎక్కువ.

"చర్మమంతా కిందికి లాగితే బొడ్డు మోకాళ్ళ దగ్గరికి పోదూ?" అన్నాను.

"బొడ్డు ఉన్నచోటే ఉంటుందమ్మా" అన్నాడు. చీటీ మీద బొమ్మ గీసి చూపించాడు. రెండు వంపు గీతలు, ఒక సున్నా, దాన్లో ఒక చుక్క. అర్థమైనట్టు తల ఊపాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

తిరుగు బస్సులో నేనూ మా ఆయనా ఆ చీటీని అటు తిప్పాం, ఇటు తిప్పాం, తలకిందులు చేశాం. చర్మం కదిలి బొడ్డు కదలకపోవడమేమిటో ఇద్దరికీ అంతుపట్టలేదు. పక్క సీట్లో ఉన్న ఈపూరు రైతు ఒకాయన చాలాసేపు మెడ చాచి చూసి, చివరికి ఉండబట్టలేక అడిగాడు, "బోరు పాయింటా తల్లీ? ఎన్నడుగులకి పడ్డయ్యి నీళ్ళు?"

ఇక నా నవ్వు ఆగలేదు. సగం దారి దాటినా ఆగలేదు. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఈ మనిషి ఎవరో తెలియనట్టు కూర్చున్నాడు.

మర్నాడు కాజాలు ఆలస్యమైనందుకు మాస్టారే ఇంటికి కబురంపితే, సంగతి చెబుదామని డాక్టరు చీటీ కూడా పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. మాస్టారికి అప్పటికే అరవై దాటాయి. కళ్ళజోడుకి ఒక పక్క కాడ లేదు, దారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. నా పెళ్ళి జాకెట్టు కుట్టిన మనిషి. నన్ను కూతురిలా చూసేవాడు, కూతురిని తిట్టినట్టే తిట్టేవాడు. బయల్దేరేటప్పుడు అత్తగారు, "పొట్ట సంగతి దర్జీతో మాట్టాడతావంటే, సిగ్గుండక్కర్లా?" అని గొణిగింది. "నా ఒంటి మీద ఆయనకి తెలియని కొలత ఏముంది అత్తమ్మా" అని వచ్చేశాను.

మాస్టారు అంతా విన్నాడు. డాక్టరు గీసిన చీటీ తీసుకుని కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"ఆయనకి చెయ్యి మంచిదే అయ్యుంటది గానీ బొమ్మ గియ్యటం రాదమ్మాయ్. అది పక్కన పెట్టు" అన్నాడు.

తను కూర్చునే దిండు లాగి బల్ల మీద పెట్టాడు. దాని మధ్యలో ఒక పెద్ద కోటు గుండీ కుట్టాడు. పాత లుంగీ గుడ్డ ఒకటి తీసి, కాజా తీసి, ఆ గుండీకి తగిలించి, దిండు మీద వదులుగా మడతలు పడేట్టు కప్పాడు. చూస్తే అచ్చం నా పొట్టే. సిగ్గేసింది, నవ్వొచ్చింది.

"దిండు నీ లోపలి వొళ్ళు. గుడ్డ నీ చర్మం. గుండీ దేనికి కుట్టా?"

"దిండుకి."

"మరి గుడ్డ లాగితే గుండీ ఎందుకు పోయిద్ది?"

అంటూనే కాజాలోంచి గుండీ విప్పి గుడ్డని కిందికి లాగాడు. పాత కాజా జారి దిండు అంచు దాకా వచ్చింది. పైనున్న నున్నటి గుడ్డ గుండీని కప్పేసింది, కింద బొడిపెలా తెలుస్తోంది అంతే. ఆ బొడిపె చుట్టూ సుద్దతో గీత గీశాడు, కత్తెరతో చిన్న గాటు పెట్టాడు, వేలితో నొక్కాడు. గుండీ బయటికి వచ్చింది. తర్వాత కింద మిగిలిన గుడ్డని పాత కాజాతో సహా కత్తిరించి పారేశాడు.

"గుండీని ఎవరూ తియ్యట్లా, జరపట్లా. పాతదే. కొత్త కాజా తీస్తన్నారు, అంతే. ఇంత చిన్న సంగతి చెప్పటానికి బొమ్మలెందుకు ఆయనకి?"

నా చేతులతో పదేళ్ళుగా వేల కాజాలు తీశాను, నాకు తట్టలేదు. అక్కడే గుమ్మంలో కూర్చుని నవ్వాను, ఏడిచాను, రెండూ ఒకేసారి చేశాను. తర్వాత కళ్ళు తుడుచుకుని సూదీ దారం తీసుకుని, ఆ కొత్త కాజా అంచుని నేనే కుట్టాను. నా పొట్టకి నేను కాక ఎవరు కుడతారు?

మాస్టారికి హుషారు పుట్టింది. మిగతా రెండు దారులకి కూడా ఇంకో రెండు చిన్న దిండ్లు చేశాడు. ఒకటి గుండీ లేనిది, అడ్డంగా కోసి కుట్టినది. ఇంకోటి గుండీ ఉండి, పైన మడతలు అలాగే ఉన్నది. మూడింటినీ ఇస్త్రీ చొక్కాలు తగిలించే తీగకి వరసగా వేలాడదీశాడు. "చూసుకో, బేరం చేసుకో" అన్నాడు. ఆ సాయంత్రం పక్క ఊళ్ళో పంచాయతీ ఎన్నికలకి నిలబడాలని తిరుగుతున్న ఒక పెద్దమనిషి లాల్చీలు తీసుకోవడానికి వచ్చి, వాటిని ఎగాదిగా చూసి, "ఏందియ్యి మాస్టారూ, కొత్త మోడళ్ళా? ఆ మూడోది చానా బాగుంది, నాకూ ఒకటి కుట్టు" అన్నాడు. మాస్టారు నవ్వలేదు, అది ఆయన గొప్ప. నేను కొట్టు వెనక్కి పరిగెత్తాల్సి వచ్చింది.

వెళ్ళేటప్పుడు మాస్టారు మెల్లగా ఒక మాట చెప్పాడు. "డాక్టరుకి చెప్పు, లోపలికి రెండంగుళాలు మార్జిన్ వదలమను. రేపు మళ్ళీ వొళ్ళు చేశావనుకో, విప్పుకోటానికి ఉండాలి గందా." ఏ జాకెట్టుకైనా లోపల గుడ్డ మడిచి వదలకుండా కుట్టడం ఆయన దృష్టిలో ద్రోహం. నాకూ సబబుగానే తోచింది.

వారం తర్వాత మూడో దిండుని సంచిలో పెట్టుకుని గుంటూరు వెళ్ళాం. డాక్టరు గారి బల్ల మీద పెట్టి, "నాకు ఇది చెయ్యండి" అన్నాను. ఆయన కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. గుండీని కాజాలోంచి తీశాడు, మళ్ళీ పెట్టాడు. నర్సులని పిలిచి చూపించాడు. ఇది నా దగ్గర ఉంచుకోవచ్చా, మిగతా వాళ్ళకి చూపిస్తాను అని అడిగాడు. నేను పట్టలేని గర్వంతో మార్జిన్ సంగతి కూడా చెప్పాను. రెండంగుళాలు, లోపలికి మడిచి. ఆయన తల కిందికి వంచుకుని చాలాసేపు ఎత్తలేదు. భుజాలు కదులుతున్నాయి.

"మీ మాస్టారికి నా నమస్కారాలు చెప్పమ్మా. చర్మం సాగుతుంది, దానికి మార్జిన్ అక్కర్లేదు" అన్నాడు చివరికి.

తర్వాత నవ్వు ఆపి, అసలు మాట చెప్పాడు. బొడ్డుకి రక్తం కింద నుంచి, సన్నటి కాడలోంచి అందాలి. చుట్టూ చర్మం వేరు చేశాక కొందరికి అది సరిగ్గా అందదు. నల్లబడిపోతుంది. అప్పుడు తీసేయాల్సి వస్తుంది. "నా ప్రయత్నం నేను చేస్తాను. మాట మాత్రం ఇవ్వలేను. ఆరో రోజున కట్టు విప్పితే తెలుస్తుంది."

మెట్లు దిగుతూ మధ్యలో ఆగిపోయాను. అక్కడే మెట్టు మీద కూర్చుని మా ఆయనకి మా అమ్మ సంగతి చెప్పాను. జనం మమ్మల్ని తప్పుకుని ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఆయన అంతా విని, "ఇన్నాళ్ళూ నేను కోడిగుడ్డు గొడవే అనుకున్నా" అన్నాడు. తర్వాత, "వద్దంటే మానేద్దాం. పుండుకి పౌడరు నేనే రాస్తా" అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అంత ప్రేమగా ఎప్పుడూ మాట్లాడలేదు మనిషి. ఆ ప్రేమతోనే లేచి, వెనక్కి ఎక్కి, మూడోదే చేయించుకుంటానని సంతకం పెట్టాను. నాకు కూర్చుని కాజాలు తీయాలనుంది, అమ్మ చోటూ కావాలి. రెండూ దొరికే దారి అదొక్కటే.

ఆపరేషన్ గురించి చెప్పడానికేమీ లేదు, నేను నిద్రలో ఉన్నాను. మెలకువ వచ్చేసరికి మోకాళ్ళ కింద దిండ్లు, పొట్ట మీద మందపాటి కట్టు, ఎదురుగా అత్తగారు. పిల్లలిద్దరినీ మాస్టారి భార్య తన దగ్గర పెట్టుకుంది. మూడో రోజున నర్సు వెడల్పాటి బెల్టులాంటి గుడ్డ తెచ్చి నా నడుము చుట్టూ బిగించి కట్టింది. కట్టు మార్చేటప్పుడు తప్ప దీన్ని రెండు నెలలు విప్పకూడదంది. అత్తగారు దాని చుట్టూ తిరిగి చూసింది, ముట్టుకుని చూసింది.

"ఇది నడికట్టే గందా" అంది. వార్డులో ప్రతి మంచం దగ్గరికీ వెళ్ళి, ఇంతింత చదువుకున్న డాక్టర్లు కూడా చివరికి తన మాటకే వచ్చారని చెప్పొచ్చింది. కాఫీ తెచ్చే మనిషికి కూడా చెప్పింది.

నవ్వకూడదు అన్నది అన్నిటికన్నా పెద్ద శిక్ష. నవ్వితే కుట్లు లాగుతాయి, ప్రాణం పోతున్నట్టుంటుంది. నన్ను నవ్వించకుండా ఉండటానికి మా ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇంటి నుంచి పంచాంగం తెచ్చి మంచం పక్కన కూర్చుని, వర్జ్యాలూ దుర్ముహూర్తాలూ గంభీరంగా చదవడం మొదలుపెట్టాడు. జన్మలో పంచాంగం పట్టని మనిషి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంటే నేను దిండు పొట్టకి అదుముకుని, పైటకొంగు నోట్లో కుక్కుకుని, కన్నీళ్ళు కార్చాను. నర్సు వచ్చి ఆయన్ని బయటికి పంపేసింది. పంచాంగాన్ని కూడా.

ఆరో రోజు వచ్చింది. ఆ పొద్దున నాకు నవ్వు రాలేదు. డాక్టరు గారు కట్టు ఒక్కో పొర విప్పుతుంటే నేను ఫ్యాను వంక చూస్తూ పడుకున్నాను. చివరి పొర తీశాక ఆయన వంగి చూశాడు. వేలితో నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కాడు. నల్లబడితే నల్లబడిందని చెప్పరేం ఈ మనుషులు, అని కోపం కూడా వచ్చింది.

"నొక్కితే తెల్లబడి, వదిలితే ఎర్రబడుతోంది. రక్తం బాగా అందుతోంది" అన్నాడు. "చూసుకుంటావా?"

నర్సు అద్దం పట్టింది. పొట్ట నున్నగా, కొత్త దుప్పటి పరిచినట్టుంది. మధ్యలో, వాచిపోయి, ఎర్రగా కందిపోయి, చుట్టూ నల్లదారం కుట్లతో, నా బొడ్డు. ఏడుస్తానని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. కానీ చేతి పని అలవాటైన కళ్ళు ఊరుకుంటాయా? కుట్లు లెక్కపెట్టాను.

"కాజా బాగానే తీశారు డాక్టరు గారూ, కుట్లే కొంచెం ఎడం" అన్నాను. ఆయన నవ్వితే నేనూ నవ్వాను. తగిన శాస్తి అయింది.

ఇంటికొచ్చిన రోజున వీధి మొదట్లోనే కిరాయి కారు ఆగిపోతే, అక్కణ్ణుంచి నడుము వంచుకుని, నేల వంక చూస్తూ, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాను. ఎనభై ఏళ్ళ ముసలమ్మ ఒకావిడ అరుగు మీద నుంచి లేచొచ్చి తన చేతికర్ర నా చేతిలో పెట్టింది. "ఉంచుకో అమ్మా, నాకంటే నీకే అవసరం" అంది. కొట్టు ముందుకి వచ్చేసరికి మాస్టారు మిషన్ తొక్కడం ఆపాడు.

"గుండీ ఉందా?"

"ఉంది మాస్టారూ."

"మార్జిన్?"

"వదల్లేదు."

ఆయన తల అడ్డంగా ఊపి, మళ్ళీ మిషన్ తొక్కుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మా కవలలిద్దరూ నా మంచం మీదికి ఎక్కారు. నాలుగేళ్ళ పిల్లలు, ఆత్రం ఆగదు. కట్టు మార్చుకుంటున్న నా పొట్ట వంక నోరు తెరుచుకుని చూశారు. ఒకతి కుట్ల మీదుగా వేలు గాల్లోనే తిప్పింది.

"దీన్ని ఎవరు కుట్టారమ్మా?"

"చుట్టూ ఉన్నయ్యి డాక్టరు గారు కుట్టారు."

"మరి మధ్యలోది?"

"అది మా అమ్మ."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మకి అమ్మ ఉంటుందని అప్పటిదాకా వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. కాసేపటికి పెద్దది ముందుకు వంగి, నా పొట్ట దగ్గర మొహం పెట్టి, తలుపు దగ్గర నిలబడి పిలిచినట్టు, "అమ్మమ్మా" అని పిలిచింది. జవాబు వస్తుందేమోనని రెండోది చెవి ఆనించింది. మూడు వారాలు నవ్వకూడదని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు. నేను నవ్వాను.